విమానాశ్రయమునకు ఎంత తావు కావలెను?

నాంపల్లి రైల్వే స్టేషనును 1907లో కట్టినారు. అక్కడ పట్టాలు వచ్చి ఆగిపోవును. బండి ముందునకు సాగుటకు దారి లేదు. వచ్చిన బండిని ఖాళీచేసి, కడిగి, మరల అదే త్రోవను వెనుకకు పంపినగాని మరొక బండికి చోటు దొరకదు. పోనీ, మరి రెండు ప్లాట్‌ఫారములు కట్టుదమన్నచో ప్రక్కలనెల్ల వీధులు, హోటళ్లు, మేడలు అల్లుకొనిపోయినవి. అందువలన దక్షిణ మధ్య రైల్వేవారు ఊరి వెలుపల చర్లపల్లిలో క్రొత్త టెర్మినలు నిర్మింపవలసి వచ్చినది. 2025 జనవరి 6న దానిని ప్రారంభించినారు. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషనుల భారమును కొంత అచ్చటికి మరల్చుట దాని ఉద్దేశము.

అదే నాంపల్లిలో ఏటేటా జరుగు నుమాయిష్ కథయు ఇట్టిదే. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు దానిని పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించినారు. ఎనిమిదేండ్లు గడచునప్పటికి ఆ తోట చాలలేదు. 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషను మైదానమునకు మార్చినారు. ఆ మైదానములో జనవరి, ఫిబ్రవరి నెలలయందు నలువది ఆరు దినములు, అందును ఆదివారపు సాయంకాలములలో, ఇసుక వేసిన రాలనంత జనము. మైదానమునకు గేట్లు ఎన్ని ఉండవలెను, అవి ఎంత వెడల్పు ఉండవలెను అను ప్రశ్నకు జవాబు ఏడాది పొడవున వచ్చు జనమును 365చేత భాగించిన దొరకదు. ఆ ఆదివారపు సాయంకాలమును చూచినగాని దొరకదు.

విమానాశ్రయపు లెక్కలను గూర్చి చెప్పబోవుచు స్టేషనునకును నుమాయిష్‌నకును ఏల పోయితిమని శ్రోతలు అడుగవచ్చును. ఆబిడ్సులోను నాంపల్లిలోను నిత్యము మెలగువారికి ఈ శాస్త్రములోని రెండు మూలసూత్రములు ఇదివరకే కంటి ఎదుట ఉన్నవని చూపుటకే. చుట్టును ఊరు అల్లుకొనిపోయిన పిదప ఏ స్థలమును పెరుగజాలదనునది ఒకటి. సగటు దినమునకు కట్టినది రద్దీ దినమున పనికిరాదనునది రెండవది. వైమానిక ప్రణాళికలోని చిక్కులలో చాలవరకు ఈ రెంటినుండి పుట్టినవే.

మొదట బేగంపేట సంగతి. 1930ల దశకమున నిజాము ప్రభుత్వపు కాలములో, హైదరాబాదు ఏరో క్లబ్బుతోపాటు ఆ విమానాశ్రయము వెలసినది. 1945లో నిజాము ప్రభుత్వమువారును టాటాలును కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను నెలకొల్పినారు. బేగంపేటయే దానికి ఇల్లు. 1953లో విమాన సంస్థలను జాతీయము చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. ఆనాటి డకోటా విమానములో ఎక్కువవారు ముప్పదిమంది కూర్చుండగలరు. దినమునకు వచ్చిపోవు విమానములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అట్టి కాలమున బేగంపేట ఊరికి దూరమే, స్థలము పుష్కలమే.

తరువాత సికింద్రాబాదునుండి అమీరుపేటవరకు ఊరు ఏకమైనది. 1972లో క్రొత్త టెర్మినలు కట్టినారు. అయినను రన్‌వే ఒక్కటే. దానికి తోడు మరియొకటి వేయుటకు తావు లేదు. విమానములు ఇండ్ల కప్పులమీదుగా దిగుచుండెను. ఇరువది ఒకటవ శతాబ్దము వచ్చునప్పటికి దేశములో అధిక రద్దీగల విమానాశ్రయములలో అది ఆరవదై నిలిచినది. పెరుగుటకు దారి లేనిదానికి ఆ కీర్తియే బరువైనది.

ఇక “సామర్థ్యము” అనగానేమో చూతము. ఒక విమానాశ్రయము ఏడాదికి ఇన్ని కోట్లమందికి సరిపోవునని పత్రికలలో చదువుచుందుము. ఆ సంఖ్య ఒక్కటే అయినను దాని వెనుక గుమ్మములు నాలుగున్నవి: ఇంటినుండి విమానాశ్రయమునకు పోవు దారి, టెర్మినలు భవనము, విమానములు నిలుచు తావు, రన్‌వే. ఈ నాలుగింటిలో ఏది ఇరుకో దానిదే చివరి మాట. భవనమును ఎంత పెద్దదిగా కట్టినను రన్‌వే చాలనిచో ఉపయోగము లేదు. రన్‌వేలు నాలుగున్నను సామాను ఇచ్చుచోట వరుస కదలనిచో ప్రయాణికునికి ఆ సంగతి పట్టదు.

రన్‌వే లెక్క కొంత విచిత్రమైనది. చూచుటకు అది విశాలమైన బాట. విమానము దానిపై ఉండునది ఒక నిమిషము మాత్రమే. అట్లయిన గంటకు అరువది విమానములు దిగవలెనుగదా అని తోచును. కాని పెద్ద విమానము రెక్కల చివరలనుండి గాలి సుడులు తిరుగుచు వెనుకబడును. అవి చల్లారకముందు చిన్న విమానము ఆ దారిని వచ్చినచో తలక్రిందులు కావచ్చును. కావున ఒకదానికొకటి మైళ్ల దూరమున రావలెను. లండనులోని గాట్విక్ విమానాశ్రయమువారు ఒకే రన్‌వేపై గంటకు 55 వరకు నడుపుచున్నారు. ప్రపంచమున దానిని వింతగా చెప్పుకొందురు. ముంబైలో రన్‌వేలు రెండున్నను అవి ఒకదానినొకటి కోసికొనుచున్నందున రెంటిని ఒకే వేళ పూర్తిగా వాడుటకు వీలులేదు. అక్కడ గంటకు 46 ప్రాంతముననే హద్దు నిలిచినది.

మరి శంషాబాదులోనో? అక్కడ 4,260 మీటర్ల పొడవున ముఖ్యమైన రన్‌వే ఉన్నది. దానికి ప్రక్కనే 3,707 మీటర్ల రెండవది ఉన్నది. రెండున్నవికదా అని సంతోషింపవలసినదే, కాని ఈ రెండవది ముఖ్యమైనదానికి మరమ్మతు వచ్చినప్పుడు ఆదుకొనుటకు ఉద్దేశింపబడినది. రెండును చేరువగా ఉన్నందున ఒకేసారి నడుపుటకు గాదు. రెండు రన్‌వేలపై విమానములు ఒకదాని పొంతన ఒకటి లేకుండ దిగవలెనన్నచో వాని నడుమ కనీసము 1,035 మీటర్ల ఎడము ఉండవలెనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమము. అనగా మరొక కిలోమీటరు వెడల్పు భూమి. టెర్మినలు భవనమును నాలుగు గదులు ముందునకు జరుపవచ్చును. కిలోమీటరు భూమిని తరువాత ఎక్కడనుండి తెచ్చెదము?

ఒక మాట ఇక్కడనే చెప్పవలెను. డెబ్బదిమందిని తెచ్చు చిన్న విమానమును, రెండు వందలమందికి పైగా తెచ్చు పెద్ద విమానమును రన్‌వేపై ఇంచుమించు ఒకే కాలము ఆక్రమించును. రన్‌వే ఇరుకైనప్పుడు, పెద్ద విమానములకు చోటిచ్చిన అదే గంటలో మూడింతలమంది దిగుదురు. వ్యాపార బుద్ధికి ఇది సబబే. కాని కడప, రాజమహేంద్రవరము వంటి ఊళ్లకు పోవునవి సాధారణముగా ఆ చిన్న విమానములే. పెద్ద విమానాశ్రయము నిండిన కొలది మొదట దెబ్బతినునది అట్టి ఊళ్ల ప్రయాణికుడు. సామర్థ్యమును గూర్చిన చర్చ మహానగరవాసుల సౌఖ్యమునకు సంబంధించినదని తలచువారు ఈ సంగతిని మరచుచున్నారు.

టెర్మినలు విషయమున నుమాయిష్ సూత్రము పనిచేయును. 2024–25 సంవత్సరమున శంషాబాదునుండి వచ్చిపోయినవారు సుమారు 2 కోట్ల 92 లక్షలు. భాగించి చూచిన దినమునకు ఎనుబది వేలు. గంటకు మూడువేల మూడువందలు. ఆ లెక్కతో భవనమును కట్టినవాడు మొదటి నెలలోనే చిక్కులో పడును. అమెరికా దేశపు వైమానిక శాఖవారు అంచనాలకు వాడు ఒక పట్టిక ఉన్నది. దాని ప్రకారము ఏడాదికి రెండు మూడు కోట్లమంది తిరుగు విమానాశ్రయములో, ఆ మొత్తమున 0.04 శాతము ఒక్క రద్దీ గంటలో వత్తురు. మన సంఖ్యకు దానిని అన్వయించిన 11,700 మంది వరకు తేలును. సగటునకు మూడున్నర రెట్లు! అట్లని ఏడాదిలోకెల్ల మిక్కిలి రద్దీయైన ఆ ఒక్క గంటకు సరిపడునట్లు కట్టుటయు తెలివిగాదు. మిగిలిన ఎనిమిదివేల ఏడువందల చిల్లర గంటలు భవనము బోసిపోవును. అందుచేత కొందరు ఇంజనీర్లు రద్దీ గంటలను వరుసగా పేర్చి ముప్పదవదానిని తీసికొని దానికి కట్టుదురు. అంతకు మించిన ఇరువది తొమ్మిది గంటలు ప్రయాణికుడు ఓర్చుకొనవలసినదే.

ఆ రద్దీ గంట ఎప్పుడు వచ్చునో ఊరినిబట్టి ఉండును. మన నగరమున దానికి ప్రత్యేకమైన పోకడలున్నవి. తెల్లవారుజామున ఢిల్లీ, ముంబై, బెంగళూరు నగరములకు పనిమీద పోవువారు ఒక గుంపు. రాత్రి ప్రొద్దుపోయిన పిదప దుబాయి, దోహా, జెడ్డా నగరములకు పోవువారు మరొక గుంపు. వీరిలో కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల జిల్లాలనుండి కూలిపనులకు పోవువారు అనేకులు. వీరు బస్సు తప్పిపోవునను భయముతో విమానమునకు ఎంతో ముందుగా వచ్చి కూర్చుందురు. ఆగస్టు మాసమున అమెరికాకు చదువులకు పోవు పిల్లలు. ఒక్క పిల్లవాడు పోవుచున్నాడన్న అమ్మమ్మ, మేనమామ, బాబాయి, పిన్ని కుటుంబము, ఇరుగు పొరుగు — పదిమంది తరలివత్తురు. ఈ పదిమందికి టిక్కెట్టు లేదు, ఏ విమాన సంస్థ లెక్కలోను వీరు లేరు. కాని వాకిటిలో నిలుచుటకు చోటు, కారు నిలుపుటకు చోటు, త్రాగుటకు నీళ్లు వీరికిని కావలెను. విదేశీ ప్రమాణములను ఉన్నవున్నట్లు తెచ్చి ఇక్కడ పెట్టినచో కుదరకపోవుటకు ఇది ఒక కారణము.

అన్నిటికంటె గమనింపదగినది నాంపల్లిలోనే ఉన్నది. పబ్లిక్ గార్డెన్సు చేరువనున్న హజ్ హౌసునుండి ఏటేటా యాత్రికులు బయలుదేరుదురు. బంధువులకు అక్కడ వీడ్కోలు చెప్పి, బస్సులలో శంషాబాదు చేరి, తమకై ఏర్పాటుచేసిన ప్రత్యేకపు టెర్మినలునుండి విమానమెక్కుదురు. కొన్ని వారములలో ముగియు ప్రయాణమిది. ఇందులోని విశేషమేమన, హజ్ తేదీలు చాంద్రమానమున నడుచును గనుక ఏటికి పదునొకండు దినముల చొప్పున ముందునకు జరుగుచుండును. ముప్పది మూడేండ్లకు ఆరు ఋతువులను చుట్టివచ్చును. ఇటీవలి సంవత్సరములలో అది మే, జూను నెలలలో పడినది. అనగా వేసవి సెలవుల రద్దీతో కలిసినది. మరి పదేండ్లకు చలికాలమునకు పోవును. అప్పుడు ఉదయపు మంచు చిక్కు తోడగును. ఒకే యాత్ర, ఒకే సంఖ్య. అయినను ఏ నెలలో పడునో దానినిబట్టి కావలసిన ఏర్పాటు మారును. యాత్రికులను విమానాశ్రయములో గాక నాంపల్లిలోనే కూడదీసి పంపుట మాకు మిక్కిలి తెలివైన పద్ధతిగా తోచును. రద్దీలో కొంత భాగమును ఊరిలోనే దింపివేసినట్లయినది.

ఇప్పుడు శంషాబాదు చరిత్రలోని అంకెలను చూతము. భావి అంచనా ఎంత జారుడు వస్తువో ఈ అంకెలే చెప్పగలవు. 2004 డిసెంబరు 20న కేంద్ర ప్రభుత్వముతో ఒప్పందము కుదిరినది. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవము, 23వ తేదీనుండి రాకపోకలు. సుమారు 5,500 ఎకరముల భూమి; మొదటి దశలో ఏడాదికి కోటి ఇరువది లక్షలమందికి చాలు భవనము. అదే రాత్రి బేగంపేటలో ప్రయాణికుల విమానములు ఆగిపోయినవి. దానికి ముందు ఆ మార్చి నెలలోనే విమానాశ్రయ ప్రాధికార సంస్థ ఉద్యోగులు హైదరాబాదు, బెంగళూరు పాత విమానాశ్రయముల మూసివేతకు వ్యతిరేకముగా దేశవ్యాప్తముగా సమ్మె చేసినారు. ఊరి నడుమ ఉన్నదానిని మూయుట ఏమి న్యాయమని నగరవాసులలోను పలువురు అడిగినారు.

తెరచిన సంవత్సరమే ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము. 2008–09లో వచ్చినవారు 60 లక్షల పైచిలుకు, కట్టినదానిలో సగము. తరువాత ఐదేండ్లును సంఖ్య కుంటుచు నడచినదేగాని 2013–14 వరకు కోటిని దాటలేదు. “ఇంత పెద్దది ఎవరికొరకు?” అని విమర్శించినవారు ఆనాడు గెలిచినట్లే కనిపించినారు. పిదప ఇంధనపు ధర తగ్గినది. తక్కువ ధరకు టిక్కెట్టునిచ్చు సంస్థలు విమానములను వరుసగా కొన్నవి. 2014–15లో కోటి దాటినది. మరుసటి సంవత్సరమే కోటి ఇరువది నాలుగు లక్షలు. 2018–19లో 2 కోట్ల 14 లక్షలు. నాలుగేండ్లలో రెట్టింపు! కోటి ఇరువది లక్షలకు కట్టిన ఇంటిలో రెండు కోట్లు దాటి తిరిగినారు. విదేశములకు పోవువారికై 2018 అక్టోబరులో తాత్కాలికపు టెర్మినలు ఒకటి తెరువవలసి వచ్చినది. విస్తరణ పనులు సాగుచుండగానే కరోనా వచ్చినది. 2020–21లో సంఖ్య 80 లక్షలకు పడిపోయినది. పని మాత్రము సాగినది. మూడు కోట్ల నలుబది లక్షలకు చాలునట్లు ఆ విస్తరణ 2024 నాటికి ముగిసినది. అప్పటికే రెండున్నర కోట్లు దాటినవి.

ఈ చరిత్రలో ఆరు సంవత్సరములు విమర్శకులు సరి, ఆ తరువాత ఇంజనీర్లు సరి, ఒక సంవత్సరము ఎవరును సరిగారు. సగటు వృద్ధి ఇంత శాతమని గీసిన సరళరేఖ ఏ ఒక్క సంవత్సరమునను నిజము కాలేదు. అయినను మొత్తముమీద పెంపు నిజమే. దీనినుండి ఏమి గ్రహింపవలెను? మా అభిప్రాయము ఇది: భూమిని మాత్రము ముందుగానే, కావలసినదానికంటె ఎక్కువగానే, ప్రక్కన పెట్టవలెను, భవనమును మాత్రము మెల్లగా, దశలుదశలుగా, ప్రయాణికుల వెనుకనే నడచుచు కట్టవలెను. భూమి విషయమున ఆలస్యమును, భవన విషయమున తొందరయు రెండును నష్టమే. శంషాబాదున మొదటిది సరిగా జరిగినది. రెండవదానిలో 2015 తరువాత మూడు నాలుగేండ్లు వెనుకబడినాము.

భూమి అని తేలికగా అనుచున్నాము. అది శంషాబాదు పరిసర గ్రామములవారి పొలము. ఒక తరము నష్టపరిహారము తీసికొని వెడలిన పిదప, అదే మట్టి ధర అనేక రెట్లగుట వారు చూచినారు. ప్రణాళికలో “ముందుచూపు” అని మనము మెచ్చుకొను గుణమునకు వెల చెల్లించినవారు వారే. అందుచేతనే ఎక్కువ తీసికొనుడు అను మాటకు ఒక హద్దుండవలెను. కెనడా దేశములో మాంట్రియల్ నగరమువారు ఆ హద్దును దాటినారు. మిరాబెల్ అనుచోట సుమారు 97 వేల ఎకరములను రైతులనుండి తీసికొని 1975లో గొప్ప విమానాశ్రయమును తెరచినారు. నగరమునకు దూరము, వేగముగా చేర్చు రైలు లేదు. దేశీయ విమానములను పాతచోటనే ఉంచి విదేశీ విమానములను క్రొత్తచోటికి పంపినారు. ఒకదానినుండి దిగి మరొకటి ఎక్కవలసినవాడు నడుమ రోడ్డున పడినాడు. ఇంతలో విమానములు దూరప్రయాణమునకు శక్తిగలవై మాంట్రియల్‌లో ఆగవలసిన పనియే తగ్గినది. భూమిలో అధికభాగమును మరల రైతులకే అమ్మివేసినారు. 2004లో ప్రయాణికుల విమానములు పూర్తిగా ఆగినవి. 2014లో టెర్మినలును కూల్చుట ఆరంభించినారు.

దీనికి ఎదురుకొసన ముంబై ఉన్నది. నవీ ముంబైలో రెండవ విమానాశ్రయము కావలెనను ప్రతిపాదన 1997 నాటిది. అది ప్రారంభమైనది 2025 అక్టోబరు 8న. నడుమ ఇరువది ఎనిమిదేండ్లు. ఆ కాలములో పాత విమానాశ్రయము చుట్టును బస్తీలు గోడలవరకు వచ్చినవి. ఆకాశములో చక్కరలు కొట్టుచు దిగుటకై వేచిన విమానములు కాల్చిన ఇంధనమునకు లెక్క కట్టువారెవరు?

మిరాబెల్ అనుభవమును చూచినచో బేగంపేటను మూసిన నిర్ణయమును మేము తప్పుపట్టజాలము. రెండుచోట్ల పంచినచో రెండును బలహీనమై యుండెడివి. జిల్లానుండి చిన్న విమానములో వచ్చి దుబాయికి పోవువాడు సామాను మోసికొని నగరమంతయు దాటవలసి వచ్చెడిది. ఇప్పుడు బేగంపేటను వైమానికదళమువారును, శిక్షణ సంస్థలును, ప్రముఖుల విమానములును వాడుచున్నవి. రెండేండ్లకొకసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుచున్నది. ఒప్పందములోని మరొక షరతును మాత్రము మెచ్చుకొనలేము. క్రొత్త విమానాశ్రయమునకు గగనమార్గమున 150 కిలోమీటర్ల లోపల ఇరువది ఐదేండ్లవరకు పోటీగా మరియొకటి రాకుండ అందులో రక్షణ కల్పించినారు. పెట్టుబడి పెట్టువారికి ధైర్యము కావలెనను వాదము అర్థమగును. కాని ఆ గీత వరంగల్లును చుట్టివేసినది. అక్కడి మామునూరులో నిజాము కాలపు విమానాశ్రయము ఉన్నది. ఉన్నదానిని బాగుచేసికొనుటకు వరంగల్లువారు హైదరాబాదు సంస్థ అంగీకారమునకై వేచియుండవలసి వచ్చినది. ఆ అంగీకారము దొరకి కేంద్రము అనుమతినిచ్చునప్పటికి 2025 ఫిబ్రవరి నెల ముగింపునకు వచ్చినది. ఉన్న సామర్థ్యమును కాపాడుటకై రాబోవు సామర్థ్యమును ఆపుట ఎంతవరకు తగునో, ఇట్టి ఒప్పందములు వ్రాయువారు ఇకముందైన ఆలోచింపవలెను.

విశాఖపట్నము కథ వేరు. అక్కడి రన్‌వే నౌకాదళమువారిది. వారి శిక్షణకు పోగా మిగిలిన వేళలనే పౌర విమానములు వాడుకొనవలెను. భవనము పెంచినను గడియారము పెరుగదు. కావుననే భోగాపురములో సుమారు 2,200 ఎకరములలో క్రొత్తదానిని తలపెట్టినారు. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకమారు, 2023 మేలో మరొకమారు శంకుస్థాపన జరిగినది. రెండు శంకుస్థాపనల నడుమ గడచిన నాలుగేండ్లును ఏ అంచనా పట్టికలోను చేరవు. ఆలస్యమునకు కారణము ఎల్లప్పుడు ఇంజనీరింగులోనే ఉండదు.

మరల శంషాబాదునకు వత్తము. 3 కోట్ల 40 లక్షలు ఎన్నాళ్లకు నిండును? 2024–25 సంఖ్యపై ఏటా పదిశాతము చొప్పున పెరిగినచో రెండేండ్లలో దాటును. ఏడు శాతమైన మూడేండ్లు. బృహత్ప్రణాళికలో చివరి హద్దుగా చెప్పిన సంఖ్య ఎనిమిది కోట్లు. పదిశాతపు వృద్ధితో అది 2036 ప్రాంతమునను, ఏడు శాతముతో 2040 ప్రాంతమునను వచ్చును. ఈ నాలుగేండ్ల తేడాను గూర్చి నిపుణులు వాదించుకొనవచ్చును. కాని టెర్మినలు కట్టుటకు నాలుగైదేండ్లు, మరొక రన్‌వేకు అంతకు తక్కువగాని కాలము పట్టునన్నప్పుడు, నేడు ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లవాడు పై చదువునకు విదేశమునకు పోవునాటికి కావలసినదానిని ఇప్పుడే గీయవలసి యున్నది.

దీనికి సొమ్ము ఎవరిది అని అడిగిన, టిక్కెట్టు కొన్నవారిదే. వాడుకదారుల అభివృద్ధి రుసుము అను పేరుతో ప్రతి టిక్కెట్టులోను కొంత చేరును. ఎంత చేర్చవలెనో నిర్ణయించుటకు 2008 నాటి చట్టముచేత ఒక ఆర్థిక నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసినారు. ఐదేండ్లకొకసారి అది లెక్కలు పరిశీలించి రుసుములను ఖాయము చేయును. అవసరమునకు మించి కట్టినచో, ఆ ఖాళీ హాలుల అద్దెను మన టిక్కెట్టులోనే చెల్లింతుము. తక్కువ కట్టినచో రుసుము తగ్గినట్లుండునుగాని వరుసలో నిలిచిన గంటలు మన ఖాతాలోనే పడును. ఈ విచారణలు బహిరంగముగా జరుగును. విమాన సంస్థలవారు వకీళ్లతో వత్తురు. ప్రయాణికుల పక్షమున మాటలాడువారు అరుదు.

నాలుగు గుమ్మములలో మొదటిది మిగిలియున్నది. ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమునుండి బేగంపేట ఎనిమిది కిలోమీటర్లు; శంషాబాదు పాతిక కిలోమీటర్లకు దగ్గర. నాంపల్లి, లకడీకాపూల్, మాసబ్ ట్యాంకు దాటి మెహదీపట్నము చేరినవారికి అక్కడనుండి ఆరాంఘరువరకు 11.6 కిలోమీటర్ల పై వంతెన ఉన్నది. దానిని 2009 అక్టోబరులో, అనగా విమానాశ్రయము తెరచిన ఏడాదిన్నరకు, ప్రారంభించినారు. ఎక్కిన తరువాత ప్రయాణము సుఖమే. ఎక్కువరకు పట్టు కాలమును మాత్రము ఎవరును చెప్పలేరు. ఆర్టీసీవారి పుష్పక్ బస్సులున్నవి. లోకల్ రైలు 2023లో ఉందానగరువరకు సాగినది, కాని విమానాశ్రయపు గుమ్మమువరకు కాదు. నాంపల్లి నడుమనుండి 2018 సెప్టెంబరులో మెట్రో నడచినది. విమానాశ్రయమువైపు దారి మాత్రము కాగితముపై రెండు మార్లు మారినది. 2022 డిసెంబరులో రాయదుర్గమునుండి శంషాబాదునకు శంకుస్థాపన చేసినారు. మరుసటి సంవత్సరపు చివర, ప్రభుత్వము మారిన పిదప, దానిని విడిచిపెట్టినారు. నాగోలు, ఎల్.బి.నగరు, చాంద్రాయణగుట్టల మీదుగా సుమారు 37 కిలోమీటర్ల మార్గమును రాష్ట్ర ప్రభుత్వము 2024లో ఆమోదించి కేంద్రమునకు పంపినది.

నాంపల్లినుండి చూచిన పాత ప్రతిపాదనలో అమీరుపేట, రాయదుర్గముల మీదుగా చుట్టి పోవలెను, క్రొత్తదానిలో ఎల్.బి.నగరువరకు పోయి బండి మారవలెను. ఏదైనను పాతబస్తీకిని తూర్పు పేటలకును రెండవదే దగ్గర, ఐ.టి. కార్యాలయములకు మొదటిదే దగ్గర. ఎనిమిది కోట్ల ప్రయాణికులనగా దినమునకు రెండు లక్షల పంతొమ్మిది వేలమంది. వీరితో వచ్చు బంధువులు, అక్కడ పనిచేయు ఉద్యోగులు వేరు. అంతమందిని కార్లలోనే చేర్చవలెనన్నచో ఆ పై వంతెన చాలదు, దాని ప్రక్కన మరొకటి కట్టినను చాలదు.